పాత హారర్ సినిమాలో చీటీల గొడవ: కామెడీ రీడబ్బింగ్ ఎలా చేయాలి

"అన్నా, ఆ వీడియో ఏ యాప్‌లో చేశావ్?" పాత హారర్ సినిమా ముక్కకి నవ్వొచ్చే తెలుగు మాటలు పెట్టి నేను చేసిన వీడియో చూసి, వారానికి ఒక్కరైనా ఇదే అడుగుతారు. యాప్ పేరు చెప్పి పంపిస్తే నెల తిరక్కుండా మళ్లీ వస్తారు: "చేశాం అన్నా, ఎవరూ నవ్వట్లేదు." తప్పు యాప్‌లో ఉండదు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక లేక ఈసారి మొత్తం ఒకేచోట రాసేస్తున్నాను.

చేయబోయేది మామూలు డబ్బింగ్ కాదు. అక్కడ అసలు కథకు కట్టుబడి ఉండాలి. ఇక్కడ బొమ్మ మాత్రమే వాళ్లది, కథా మాటలూ మనవి. 1966లో వుడీ ఆలెన్ ఒక జపాన్ గూఢచారి సినిమాకి ఇలాగే కొత్త మాటలు పెట్టి "వాట్స్ అప్, టైగర్ లిలీ?" అని వదిలాడు. అందులో గూఢచారులంతా ప్రాణాలకు తెగించి కొట్టుకునేది ఒక ఎగ్ సలాడ్ రెసిపీ కోసం. ఆ తర్వాత ఫ్రాన్స్‌లో, ఆస్ట్రేలియాలో, హాలీవుడ్‌లో చాలామంది ఈ పని చేశారు. వాళ్ల దగ్గర నేర్చుకోవాల్సినవి రెండు మూడు ఉన్నాయి, సందర్భం వచ్చినప్పుడు చెబుతాను.

మొదటిసారే గంటన్నర సినిమా మొత్తం చేస్తానని కూర్చోకండి. నేను 40 నిమిషాలు చేశాను. ఫ్రెండ్స్ మొదటి 4 నిమిషాలు నవ్వారు, తర్వాత ఫోన్లు తీశారు. 5 నుంచి 7 నిమిషాలు పెట్టుకోండి, చాలు.

కావాల్సినవి

- ఒక కంప్యూటర్. 8 జీబీ ర్యామ్ ఉంటే నడుస్తుంది, 16 ఉంటే విసుగు తగ్గుతుంది.
- వీడియో ఎడిటింగ్‌కి డావిన్చి రిజాల్వ్ ఉచిత వెర్షన్, మాటల రికార్డింగ్‌కి అడాసిటీ, సినిమా చూడటానికి వీఎల్‌సీ. మూడింటికీ పైసా కట్టక్కర్లేదు.
- మైకు. కాలర్‌కి పెట్టుకునే చవక మైకైనా సరే. అదీ లేకపోతే ఫోన్.
- చెవుల్ని పూర్తిగా మూసే హెడ్‌ఫోన్స్. మైకు కంటే ఇవే ముఖ్యం.
- ఇద్దరు ముగ్గురు గొంతులు. ఒక్కరే ఉన్నా పరవాలేదు, ఆ సంగతి కింద చెబుతాను.
- బట్టలు నిండా ఉన్న బీరువా, రెండు బొంతలు. ఇది జోక్ కాదు.

కంప్యూటర్ లేనివాళ్లు ఫోన్‌లో కైన్‌మాస్టర్ లాంటి ఎడిటర్‌తో లాగించొచ్చు. కాకపోతే పెదవులకు మాట కలిపే దగ్గర వేళ్లు నొప్పెడతాయి. 2 నిమిషాలు మించని సీన్ తీసుకోండి.

1. సినిమా ఎంచుకోండి

సగం మంది ఇక్కడే తప్పటడుగు వేస్తారు. నిన్నగాక మొన్న వచ్చిన కొరియా సినిమా ముక్క తీసుకుని డబ్బింగ్ చెప్పి యూట్యూబ్‌లో పెడతారు. నేనూ పెట్టాను, రాత్రి 11కి ఎక్కిస్తే తెల్లారేసరికి లేదు. హక్కులున్న కంపెనీ ఫిర్యాదు చేస్తే ఛానల్‌కి కాపీరైట్ స్ట్రైక్ (యూట్యూబ్ వేసే తప్పు మార్కు) పడుతుంది. 90 రోజుల్లో మూడు పడితే ఛానల్‌నే తీసేయొచ్చు. "పేరడీ కదా, పరవాలేదు" అనే ధీమా వద్దు. మన కాపీరైట్ చట్టంలో మినహాయింపుల దగ్గర విమర్శ, సమీక్ష లాంటి మాటలు ఉన్నాయి కానీ పేరడీ అన్న మాట విడిగా లేదు.

అందుకే హక్కుల గడువు తీరిన సినిమా తీసుకోండి. మన చట్టం ప్రకారం సినిమాకి గడువు 60 ఏళ్లు. విడుదలైన ఏడాది తర్వాత వచ్చే జనవరి 1 నుంచి లెక్క. 1959 సినిమా అయితే 2019 చివరికి అయిపోయినట్టు. వీడియో ప్రపంచమంతా కనబడుతుంది కాబట్టి అమెరికాలోనూ గడువు తీరినదైతే నిశ్చింత.

ఈ వ్యాసమంతా ఒకే సినిమా మీద నడిపిస్తాను: "హౌస్ ఆన్ హాంటెడ్ హిల్", 1959, డైరెక్టర్ విలియం క్యాసిల్. అమెరికాలో కాపీరైట్‌ని సమయానికి రెన్యువల్ చేయించకపోవడంతో ఎప్పుడో పబ్లిక్ డొమైన్‌లోకి వచ్చేసింది, అంటే ఎవరైనా వాడుకోవచ్చు. పాత సినిమాలు ఉచితంగా దొరికే ఇంటర్నెట్ ఆర్కైవ్ వెబ్‌సైట్‌లో ఉంది. కథ ఇది: విన్సెంట్ ప్రైస్ వేసిన డబ్బున్న పెద్దమనిషి ఐదుగురిని దెయ్యాల కొంపకు పిలుస్తాడు. రాత్రంతా ఉంటే తలా 10,000 డాలర్లు. మొగుడూ పెళ్లాలకు క్షణం పడదు. కింద సెల్లార్‌లో యాసిడ్ తొట్టి, అందులోంచి లేచి వచ్చే ఎముకల గూడు.

డౌన్‌లోడ్ చేసుకునేటప్పుడు మూడు చూసుకోండి. ఒకటి, 1999లో అదే పేరుతో రీమేక్ వచ్చింది. దాని జోలికి వెళ్లకండి. రెండు, పాతదానికి రంగులు అద్దిన ప్రింట్లు తిరుగుతున్నాయి. ఆ రంగుల మీద హక్కులు వేరే ఉండొచ్చు, బ్లాక్ అండ్ వైటే తీసుకోండి. మూడు, ఆర్కైవ్‌లో ఎవరో "పబ్లిక్ డొమైన్" అని ట్యాగ్ పెట్టినంత మాత్రాన అది నిజం కాదు. ఏ సినిమాకైనా ఏడాది, దేశం విడిగా సరిచూసుకోండి.

మూకీ సినిమా తీసుకోవచ్చా అని అడుగుతుంటారు. తీసుకోవచ్చు, తీసేయాల్సిన మాటలే ఉండవు కాబట్టి పని తేలిక. కానీ ప్రింటు మీద ఉన్న సంగీతం ఈమధ్య ఎవరో కూర్చినదై ఉంటుంది. దాన్ని పూర్తిగా మ్యూట్ చేయండి.

2. నోరు నొక్కి చూడండి

వీఎల్‌సీలో 'ఎమ్' నొక్కితే శబ్దం పోతుంది. సబ్‌టైటిల్స్ కూడా తీసేయండి. మూడుసార్లు చూడండి. అసలు కథ తెలియకపోతే ఇంకా మంచిది.

చూస్తూ ఒక నోట్‌బుక్‌లో ఎవరేం చేస్తున్నట్టు కనబడుతోందో రాయండి. "భయపడ్డాడు" అని రాయకండి, అది అసలు సినిమా మీకు చెప్పిన మాట. "చేయి జేబులో పెట్టుకుని తలుపు వైపు చూస్తున్నాడు" అని రాయండి. నేను ఈ సినిమాకి రాసుకున్నవి కొన్ని: ఐదుగురు శవాల బండి వెనకాల వరసగా కార్లలో వస్తున్నారు. ఇంటాయన చిన్న శవపేటికల్లాంటి పెట్టెలు పంచుతున్నాడు (లోపల తుపాకులు). ఒకాయన గ్లాసు వదలడం లేదు. ఇంటావిడ మొగుడి మొహం చూడటం లేదు.

ఇదంతా మీ అమ్మగారి కళ్లతో చూడండి. ఐదుగురు కొంపకు వచ్చారు, ఎవరి మొహంలోనూ నవ్వు లేదు, ఆయనేదో పెట్టెలు పంచుతున్నాడు, భార్యకు ఇష్టం లేదు. మన ఇళ్లల్లో ఇది ఎప్పుడు జరుగుతుంది? నాకు వెంటనే తట్టింది: చీటీ పాట.

3. చిన్న కోరిక ఒకటే పెట్టండి

ఎగ్ సలాడ్ రెసిపీ గుర్తుందిగా. తెర మీద హడావుడి ఎంత పెద్దదైతే మాటల్లో కోరిక అంత చిన్నదై ఉండాలి. ప్రపంచాన్ని కాపాడటం, రాజకీయాలు, రెండు పార్టీల గొడవ... ఇవి పెడితే బొమ్మా పెద్దదే, మాటా పెద్దదే, నవ్వుకి చోటుండదు.

నా కథ ఇలా కుదిరింది: విన్సెంట్ ప్రైస్ కాలనీలో చీటీలు నడుపుతాడు. వచ్చిన ఐదుగురూ సభ్యులు. ఈ నెల పాట ఎవరికి పోతుందన్నదే గొడవ. పెట్టెలు స్వీట్ బాక్సులు, డబ్బు ఇవ్వలేక పంచుతున్నాడు. సెల్లార్‌లో ఉన్నది నీళ్ల సంపు. ఎముకల గూడు 20 నెలలు కట్టి ఒక్కసారీ ఎత్తుకోలేకపోయిన పాత సభ్యుడు.

కథను ఒక్క వాక్యంలో చెప్పి చూడండి. "చీటీ డబ్బుల కోసం ఐదుగురు ఒక రాత్రంతా కదలకుండా కూర్చున్నారు." మధ్యలో "అంటే... మరి..." అని ఆగాల్సి వస్తే కథ ఇంకా కుదరలేదు.

4. మాటలు రాయండి, నోటిని చూసి

ఎక్కువ సమయం పట్టేది ఇక్కడే. నాకు 6 నిమిషాలకు నాలుగు సాయంత్రాలు పట్టింది.

కాగితం మీద నాలుగు గడులు గీయండి: టైమ్, ఎవరు, నోరు ఎన్నిసార్లు కదిలింది, మన మాట. వీఎల్‌సీలో కీబోర్డు మీద 'E' నొక్కుతూ ఒక్కో ఫ్రేమ్ (అంటే ఒక్కో బొమ్మ) జరుపుకోవచ్చు. నోటి కదలికలు లెక్కపెట్టి, పెదవులు పూర్తిగా మూసుకున్న చోట ఒక చుక్క పెట్టండి. చూసేవాళ్ల కన్ను పట్టేది ఆ చుక్కల్నే. మిగతా అక్షరాలు అటూ ఇటూ అయినా ఎవరూ గమనించరు.

తెలుగులో పెదవులు మూయించే అక్షరాలు ప, ఫ, బ, భ, మ. తెర మీద పెదవులు మూసుకుంటే వీటిలో ఒకటి పడాలి. మూసుకోకపోతే ఇవేవీ పడకూడదు. పెదవులు తగలకుండా నిరోష్ఠ్య కావ్యాలే రాసిన భాష మనది. ఒక్క డైలాగ్ రాయలేమా?

ఒక పాత్ర "వాట్ ఆర్ యూ డూయింగ్ ఇన్ దిస్ హౌస్" అన్నాడనుకోండి. ఎనిమిది కదలికలు, పెదవులు ఎక్కడా మూసుకోవు. మీకు మొదట తట్టేది "చీటీ డబ్బులు ఏవయ్యా". లెక్క ఎనిమిదే, కానీ "బ్బు" దగ్గర దొరికిపోతారు. అక్కడ ఆయన నోరు తెరిచే ఉంది. దాన్నే "చీటీ కట్టరా ఈ నెల" అని మార్చండి. ఎనిమిదికి ఎనిమిది, పెదవులు ఎక్కడా తగలవు.

ఇంకో చిక్కు వాక్యం చివర వస్తుంది. మన మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి, నోరు తెరిచి ఉంటుంది. ఇంగ్లీషు వాక్యం తరచుగా నోరు మూసుకుని ఆగుతుంది: హోమ్, స్టాప్, హిమ్. అక్కడ మన "కదా", "అంట", "లేదు" పెడితే నోరు మూసుకున్నాక కూడా గొంతు వినబడుతుంది. దీనికి మందు మన దగ్గరే ఉంది, సున్నా. వెళ్దాం, చూద్దాం, కడతాం, వద్దంటాం. "టేక్ మీ హోమ్" అన్న చోట "లే, పోదాం" పెట్టి చూడండి. మూడు కదలికలు. "మీ" దగ్గర "పో", "హోమ్" చివర "దాం". అద్దంలో చూసుకుంటే మీకే నవ్వొస్తుంది. ఆ సున్నాని ముక్కులో మింగేయకుండా పెదవులు కలిపి పలకాలి, అంతే.

అన్ని వాక్యాలకూ ఇంత కష్టపడక్కర్లేదు. నోరు కనబడని చోట్లు వెతుక్కోండి: వెనక నుంచి తీసిన షాట్, దూరం షాట్, ఎదుటివాడి మొహం మీద ఉన్న షాట్. మంచి పంచ్‌లన్నీ అక్కడ దాచుకోండి. ఈ సినిమా మొదట్లోనే అతిథులు కార్లలో వస్తుంటే విన్సెంట్ ప్రైస్ గొంతు ఒక్కొక్కరినీ పరిచయం చేస్తుంది. ఎవరి నోరూ కదలదు. కొత్తవాళ్లు అక్కడ మొదలుపెట్టండి. నేను రాసింది ఇలా ఉంటుంది:

"వెనక కార్లో ఉన్నాయన మూడో నెలకే పాడి ఎత్తుకున్నాడు. అప్పట్నుంచి ఫోన్ ఎత్తడం లేదు. ఆ పక్క కార్లో ఆవిడ ప్రతి నెలా రెండో తారీఖునే కడుతుంది. ఆవిడంటే మా అందరికీ భయం."

ఇక ఎముకల గూడు. పెదవుల్లేని పాత్ర దొరకడం డబ్బింగ్ రాసేవాడి పూర్వజన్మ సుకృతం. అది తొట్టిలోంచి లేచి ఇంటావిడ వైపు మెల్లగా వస్తుంది, ఆవిడ వెనక్కి వెనక్కి జరుగుతుంది. మొదట దానికి ఎనిమిది వాక్యాలు రాశాను. ఎవరూ నవ్వలేదు. కోసి కోసి చివరికి మూడు మిగిల్చాను:

"అమ్మా, ఆయన ఉన్నారా?"

(రెండు అడుగులు. ఆవిడ కేక అలాగే ఉంచాను.)

"తొందరేం లేదు. 20 నెలల్నుంచి ఆగాను."

(ఇంకో రెండు అడుగులు.)

"మంచినీళ్లు మాత్రం వద్దమ్మా. అందులోంచే వస్తున్నా."

అక్కడ పనిచేసింది మాటలు కావు, మధ్యలో వదిలిన ఖాళీ. ఒక్కో డైలాగ్ తర్వాత రెండు సెకన్లు వదలండి. గాలి పీల్చుకోవడానికి టైమ్ ఇవ్వకపోతే జనం ఎప్పుడు నవ్వుతారు?

ఇక్కడ రెండు హెచ్చరికలు. విలన్‌కి ఒక జిల్లా యాస, పనివాడికి ఇంకో జిల్లా యాస అంటగట్టే పాత సినిమా అలవాటు మనకొద్దు. మీ ఇంట్లో మాట్లాడే యాసలోనే అందరి చేతా మాట్లాడించండి, అదే బాగుంటుంది. చైనా, జపాన్ సినిమా తీసుకుంటే వాళ్ల మాటను వెక్కిరించే చింగ్ చాంగ్ శబ్దాలు చేయకండి. నవ్వు మీరు రాసిన కథలోంచి రావాలి, వాళ్ల మొహంలోంచి కాదు.

5. అసలు మాటలు తీసేయండి

సినిమా కంపెనీలు డబ్బింగ్‌కి ఇచ్చేటప్పుడు మాటలు లేకుండా సంగీతం, చప్పుళ్లు మాత్రమే ఉన్న ట్రాక్ ఇస్తాయి. దాన్నే ఎం అండ్ ఈ ట్రాక్ అంటారు. మనకు అది దొరకదు. రెండు దారులున్నాయి.

అల్టిమేట్ వోకల్ రిమూవర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో గొంతుని, మిగతా శబ్దాన్ని విడదీయొచ్చు. కొత్త సినిమాలకు బాగా పనిచేస్తుంది. 1950ల మోనో సౌండ్‌లో (అన్నీ ఒకే ట్రాక్‌లో కలిసిపోయి ఉంటాయి) మాత్రం అడుగున ఎవరో నీళ్లలోంచి మాట్లాడుతున్నట్టు మిగులుతుంది.

నేను రెండో దారిలో వెళ్తాను. ఆడియో మొత్తం తీసేసి, తలుపు, అడుగులు, గ్లాసు, గాలి అన్నీ కొత్తగా పెడతాను. కష్టమనిపిస్తుంది కానీ ఆరు నిమిషాల సీన్‌లో కావాల్సిన చప్పుళ్లు ముప్పై దాటవు. పాత సంగీతం మీద ఎవరి హక్కులున్నాయోనన్న టెన్షన్ కూడా పోతుంది. కేకలు, నవ్వుల లాంటి మాట లేని గొంతులు శుభ్రంగా విడిగా ఉంటే వాటిని మాత్రం ఉంచుకోండి.

6. రికార్డ్ చేయండి

ఫ్యాన్ ఆపండి. ఫ్రిజ్ స్విచ్ తీయండి (అయ్యాక మళ్లీ వేయడం మర్చిపోకండి, మా ఇంట్లో పాలు విరిగిపోయాయి). పక్కింటి కుక్కర్ టైమ్ తెలుసుకోండి. బీరువా తలుపులు తెరిచి, బట్టల వైపు మొహం పెట్టి, వెనకాల బొంత వేలాడదీయండి. వట్టి గోడల గదిలో చెబితే గొంతు బాత్రూమ్‌లో ఉన్నట్టు వస్తుంది, దాన్ని తర్వాత ఏ బటనూ బాగుచేయలేదు.

మైకు నోటికి జానెడు దూరంలో, కొంచెం పక్కకు. నోటికి సూటిగా పెడితే ప, భ, ఫ దగ్గర "ఫట్" మని గాలి కొడుతుంది. అడాసిటీలో లెవెల్ మైనస్ 12 నుంచి మైనస్ 6 డెసిబెల్స్ మధ్య ఆడాలి. ఎర్ర గీత తగిలితే మళ్లీ చెప్పండి, తర్వాత తగ్గిస్తే పోదు. శాంపిల్ రేట్ 48,000 హెర్ట్జ్ పెట్టండి. వీడియోకి అదే వాడుక. మాటలు మొదలుపెట్టే ముందు పది సెకన్లు ఎవరూ మాట్లాడకుండా గది నిశ్శబ్దాన్ని రికార్డ్ చేయండి. మాటల మధ్య అతకడానికి అదే పనికొస్తుంది.

ఒక్కో వాక్యాన్ని విడిగా, మూడు టేకులు. వెనకటికి డబ్బింగ్ థియేటర్లో ఆ ముక్క ఫిల్మ్‌నే రింగులా అతికించి మళ్లీ మళ్లీ తిప్పేవాళ్లు. లూప్ అన్న మాట అక్కడి నుంచే వచ్చింది. మీరూ ఆ నాలుగు సెకన్ల ముక్కను రిపీట్‌లో పెట్టుకుని, హెడ్‌ఫోన్స్‌లో వింటూ, మొహం చూస్తూ చెప్పండి.

ఇప్పుడు అసలు సంగతి. "ఎవరూ నవ్వట్లేదు అన్నా" అని వచ్చే పదిమందిలో ఎనిమిది మంది చేసే తప్పు ఒకటే, గొంతు కామెడీగా పెట్టడం. ముక్కుతో మాట్లాడతారు, కీచుగొంతు పెడతారు, ప్రతి మాటకూ వాళ్లే ముందు నవ్వుతారు. విన్సెంట్ ప్రైస్ మొహం చూడండి, అంత గంభీరంగా ఉంటుంది. ఆ మొహంలోంచి కోర్టులో జడ్జి తీర్పు చదివినట్టు "కమీషన్ ఐదు శాతం పోను" అని రావాలి.

1993లో ఫ్రాన్స్‌లో మిషెల్ హజానవిసియుస్, డొమినిక్ మెజెరెట్ కలిసి వార్నర్ బ్రదర్స్ పాత సినిమాల ముక్కలతో ఒక టీవీ సినిమా చేశారు, పేరు "లా క్లాస్ అమెరికేన్". మాటలేమో పిచ్చి మాటలు. చెప్పించింది మాత్రం కమెడియన్లతో కాదు, ఆ హాలీవుడ్ హీరోలకు ఫ్రెంచిలో ఏళ్ల తరబడి సీరియస్‌గా డబ్బింగ్ చెబుతూ వచ్చిన ఆర్టిస్టులతోనే. జనానికి అలవాటైన ఆ గొంతుల్లో ఆ మాటలు వినబడేసరికి పడీపడీ నవ్వారు. మన దగ్గర ఆదివారం మధ్యాహ్నం టీవీలో వచ్చిన ఇంగ్లీషు డబ్బింగ్ సినిమాల గొంతు మీ చెవుల్లో ఉండే ఉంటుంది: "నువ్వు చాలా పెద్ద తప్పు చేస్తున్నావు, జాన్." అదే గొంతు, అదే బరువు, అదే విరామం. మాట మాత్రం మారుతుంది: "నువ్వు చాలా పెద్ద చీటీ వేస్తున్నావు, జాన్."

గొంతులు తక్కువగా ఉంటే? 2002లో వచ్చిన "కుంగ్ పౌ" అనే కుంగ్‌ఫూ రీడబ్బింగ్ సినిమాలో దాదాపు అన్ని గొంతులూ స్టీవ్ ఓడెకెర్క్ ఒక్కడే చెప్పాడు. పాత్రకీ పాత్రకీ కీచు, బొంగురు అని మార్చక్కర్లేదు. ఒకరికి వేగం, ఒకరికి నిదానం, ఒకరికి ప్రతి మాట ముందూ నిట్టూర్పు, అంతే చాలు.

సినిమా హీరోల గొంతుని ఏఐతో తయారుచేసి వాడొద్దు. అనిల్ కపూర్ పేరు, రూపం, గొంతు అనుమతి లేకుండా వాడకూడదని ఢిల్లీ హైకోర్టు 2023లో ఉత్తర్వు ఇచ్చింది. మీకు మిమిక్రీ వచ్చినా ఇక్కడ అక్కర్లేదు. పాత్రను మర్చిపోయి జనం ఆ హీరోనే వింటారు.

7. పెదవులకు కలపండి

ఎడిటర్‌లో ప్రాజెక్ట్ తెరిచే ముందే వీడియో ఫ్రేమ్ రేట్ చూసుకోండి. సినిమా సెకనుకు 24 ఫ్రేములు. డౌన్‌లోడ్ చేసిన ఫైల్ తరచుగా 23.976 ఉంటుంది. ప్రాజెక్ట్‌నీ సరిగ్గా అదే అంకెకు పెట్టండి. ఫైల్ ఒకటి, ప్రాజెక్ట్ ఒకటి అయి, గొంతు ఒక వేగంలో, బొమ్మ ఇంకో వేగంలో నడిస్తే 6 నిమిషాలకు సెకనులో మూడో వంతు జారిపోతుంది. మొదట్లో బాగానే ఉండి చివరికి వెళ్లేకొద్దీ మాట వెనకబడుతోందంటే కారణం ఇదే. ఒక్కో వాక్యాన్ని జరుపుకుంటూ కూర్చోకండి, సెట్టింగ్ మార్చండి.

నోట్‌బుక్‌లో చుక్కలు పెట్టుకున్నారుగా, ముందు వాటిని కలపండి. పెదవులు మూసుకున్న ఫ్రేమ్ మీద "పో" లేదా "మ" మొదలు పడాలి. ఒక ఫ్రేమ్ అంటే సెకనులో 24వ వంతు, రెండు ఫ్రేములు అటూ ఇటూ అయినా కన్ను ఒప్పుకుంటుంది. నాలుగు దాటితే తెలిసిపోతుంది. మాట ముందు రావడం కంటే ఒక ఫ్రేమ్ వెనక రావడం నయం.

మాట పొడవైతే సాగదీయడం, నొక్కడం చేయకండి. ఐదు శాతం దాటితే గొంతు రోబోలా తయారవుతుంది. ఒక అక్షరం తగ్గించి మళ్లీ రికార్డ్ చేయండి. "చేస్తున్నాను" పట్టకపోతే "చేస్తున్నా", "తెలియదు" పట్టకపోతే "తెలీదు".

8. చప్పుళ్లు, సంగీతం

అడుగులకు చెక్క బల్ల మీద చెప్పులతో తట్టండి. ఎముకల గూడుకి నేను గవ్వల సంచీ ఊపాను. గాలి చప్పుడు కావాలంటే యూట్యూబ్ ఆడియో లైబ్రరీలో ఉచితంగా దొరుకుతుంది, సంగీతం కూడా అక్కడే తీసుకోండి. ఇక్కడా కామెడీ సంగీతం వద్దు. టొయ్యి టొయ్యి మనే శబ్దం వేశారంటే "ఇప్పుడు నవ్వండి" అని బోర్డు పెట్టినట్టే.

మాట ఉన్నచోట సంగీతం సగానికి పైగా తగ్గించండి. చాలా వీడియోల్లో మాటే వినబడదు.

9. సరిచూసుకోండి

పని అయిపోయిందనిపించిన రోజు చూడకండి. రెండు రోజులు పక్కన పెట్టండి.

మొదట కళ్లు మూసుకుని వినండి. కథ అర్థం కావాలి, ఎవరి గొంతు ఎవరిదో తెలియాలి. తర్వాత సౌండ్ పెట్టి, తెర మీద నోళ్లను మాత్రమే చూస్తూ మొదలు, మధ్య, చివర ఒక్కో నిమిషం చూడండి. మూడు చోట్లా కుదిరితే సింక్ సరిపోయినట్టు. ఆ తర్వాత ఫోన్ స్పీకర్లో ఒకసారి, టీవీలో ఒకసారి వినండి. హెడ్‌ఫోన్స్‌లో బ్రహ్మాండంగా ఉన్న గుసగుస ఫోన్‌లో అసలు వినబడకపోవచ్చు.

ఇక మనుషులు. ఈ పనిలో చేయి పెట్టని ముగ్గురిని కూర్చోబెట్టండి. మీరు తెర వైపు కాదు, వాళ్ల వైపు చూడండి. నవ్విన చోట టైమ్ రాసుకోండి. వరసగా 40 సెకన్లు ఎవరూ నవ్వకపోతే ఆ ముక్క కోసేయండి, ఎంత కష్టపడి రాసినా సరే. ఒకరి నవ్వులో తర్వాతి డైలాగ్ మునిగిపోతే అక్కడ ఖాళీ పెంచండి.

రికార్డ్ చేయకముందే ఇలా పరీక్షించుకోవాలంటే ఆస్ట్రేలియా దారి ఒకటి ఉంది. "హెర్క్యులిస్ రిటర్న్స్" (1993) అనే సినిమా అసలు స్టేజి షోలోంచి పుట్టింది: తెర మీద పాత సినిమా నడుస్తుంటే ఇద్దరు మైకు పట్టుకుని అప్పటికప్పుడు అన్ని పాత్రలకూ మాటలు చెప్పేవాళ్లు. మీ హాస్టల్ గదిలోనో అపార్ట్‌మెంట్ టెర్రస్ మీదో ప్రొజెక్టర్ పెట్టి, సౌండ్ ఆపి, స్క్రిప్ట్ చేతిలో పట్టుకుని లైవ్‌గా చెప్పి చూడండి. ఏ మాట పేలుతుందో, ఏది చప్పగా పోతుందో ఒక్క రాత్రిలో తేలిపోతుంది. కొందరు అక్కడితోనే ఆగిపోతారు, వీడియోనే చేయరు. అదీ మంచిదే.

10. బయట పెట్టే ముందు

వీడియో మొదట్లోనే అసలు సినిమా పేరు, ఏడాది వేసి, మాటలు మీవని రాయండి. అసలు నటుల పేర్లతో తంబ్‌నెయిల్ మీద బూతు జోకులు వద్దు. గడువు తీరిన సినిమా అయినా ఒక్కోసారి యూట్యూబ్‌లో ఆటోమేటిక్ క్లెయిమ్ (ఇది మాది అని ఎవరో అన్నట్టు నోటీసు) పడుతుంది. అది స్ట్రైక్ కాదు, కంగారు పడకండి. సినిమా ఏడాది, పబ్లిక్ డొమైన్ కారణం రాసి డిస్ప్యూట్ పెట్టొచ్చు. ప్రాజెక్ట్ ఫైల్, విడి విడి గొంతు ఫైళ్లు దాచుకోండి. తర్వాత మార్చాల్సి వస్తుంది, తప్పకుండా వస్తుంది.

నాకు వచ్చింది. ఎక్కించే ముందు రోజు మా పిన్నికి చూపించాను. ఎముకల గూడు దగ్గర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మరీ నవ్వింది. అయిపోయాక గ్లాసులు తీస్తూ అడిగింది: "అది సరే గానీ, ఆ నెల చీటీ చివరికి ఎవరికి వచ్చిందిరా?" నా దగ్గర జవాబు లేదు. రాయడమే మర్చిపోయాను. ఆ రాత్రే చివర్లో విన్సెంట్ ప్రైస్ వెనక్కి తిరిగి ఉన్న ఒక షాట్ పట్టుకుని, మళ్లీ బొంత కట్టుకుని, ఒక్క వాక్యం చెప్పాను: "ఈ నెల పాట నేనే పాడుకున్నాను."

ఇప్పుడు ఆ వీడియోలో ఎక్కువ మంది నవ్వేది అక్కడే.